సెన్సారు అబద్ధం చెప్పలేదు

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. ఎదురింటి ఇందుజ మొగుడి మీద కోపంతో కంప్యూటర్లో ఏదో నొక్కి, చేపపిల్లల బండి ఇంజిన్ కావాలని కాల్చేసిందట. ముందు పాలకేంద్రం దగ్గర విన్నాను. తరవాత పూలమ్మే ఆవిడ చెప్పింది. ఆఖరికి పెళ్ళిపిలుపుకి భీమవరం నుంచి వచ్చినావిడ నాకు బొట్టు పెడుతూ, "ఇంజిన్ కాల్చిన కోడలి ఇల్లు అదేనటగా అండీ?" అని గడ్డంతో ఎదురింటి వైపు చూపించింది. కుంకుమ నా కనుబొమ్మ మీద పడింది.

మాట తాడేపల్లిగూడెం దాటి భీమవరం దాకా వెళ్ళాక ఇక ఊరుకోకూడదనిపించింది. నేను చదివింది ఐదో తరగతి. ఇంజిన్ సంగతులు నీకేం తెలుసని మీరు అడగవచ్చు. తెలియవు కనకనే ఆ పిల్ల మొగుణ్ణి అడిగాను, అత్తగారిని అడిగాను, ఊరు దాటి వెళ్ళి ఆ బండి డ్రైవర్ని అడిగాను. వాళ్ళు చెప్పినవీ, నేను చూసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇందుజని మాత్రం అందరికన్నా చివర అడిగాను.

ఇందుజది ఏలూరు. తండ్రి అచ్యుతరావుగారు ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ తీసుకుంటానంటే ఆయన, "ఆడపిల్లవి, ఆ గ్రీజులో ఏం చదువుతావే?" అన్నాడట. "ఇప్పటి బళ్ళలో గ్రీజు కన్నా వైర్లే ఎక్కువ నాన్నా" అందట. క్లాసు మొత్తానికి ఆడపిల్ల తనొక్కతే. చదువయ్యాక ఏలూరులోనే ఒక కార్ల షోరూములో చేరింది. సర్వీసుకు వచ్చిన బళ్ళకి ల్యాప్‌టాప్ తగిలించి జబ్బేమిటో చెప్పే పని. జేబు మీద తన పేరు కుట్టిన నీలం చొక్కా వేసుకుని వెళ్ళేదట. ఆ చొక్కా ఇప్పటికీ ఉంది. దసరాకి వాళ్ళ అటక దులుపుతుంటే పాత దుప్పట్ల మధ్య మడత నలగకుండా కనిపించింది. "పారెయ్యలేకపోయావా?" అంటే, "కొత్తదేనండి ఇంకా" అని మళ్ళీ అక్కడే పెట్టేసింది.

దుర్గాసాయిది మా గూడెమే. రోడ్డు పక్కన తండ్రి కట్టిన డీజిల్ షెడ్డు. పాత బళ్ళయితే తండ్రిలాగే ఇంజిన్ మీద చెయ్యి వేసి రోగం చెప్పేవాడు. కంప్యూటర్ బళ్ళు వచ్చాక ఆ చెయ్యి పనికిరాకుండా పోయింది. చెక్ లైటు వెలిగిందని ఎవరైనా వస్తే వేరే ఊరు పంపించేవాడు. అలాంటి రోజుల్లో ఈ సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో అతనే అన్నాడట, "మీ అమ్మాయి చదువు వృథా పోదండి, మా షెడ్డులోనే కూర్చోవచ్చు" అని. ఆ ఒక్క మాటకి ఇందుజ ఒప్పుకుంది. అతను అబద్ధం చెప్పలేదు. కూర్చోవచ్చన్నాడు, కూర్చోబెట్టాడు. ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఆ రోజు చెప్పలేదు.

మొదట్లో ఆ పిల్ల బానెట్ దగ్గరే నిలబడేది. లారీల వాళ్ళు, వ్యాన్ల వాళ్ళు వచ్చి, "అమ్మాయ్, అబ్బాయి లేడా?" అనేవారు.

"నేనే చూస్తానండి."

"చూద్దువుగానిలే తల్లీ. అబ్బాయిని రానీ."

దుర్గాసాయి వచ్చేదాకా టీ తాగుతూ కూర్చునేవారు. అతను వచ్చి, భార్య చెప్పిందే మళ్ళీ చెబితే తలలూపి డబ్బు ఇచ్చి వెళ్ళేవారు. ఇంట్లో అత్తగారు వీరరాఘవమ్మ గొడవ వేరే. "రోడ్డు మీద మగాళ్ళ మధ్య నిలబడి ఆ బళ్ళలోకి తొంగిచూడటమేంటే? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అని సాధింపు. దుర్గాసాయి ఇద్దరికీ నచ్చేలా ఒక ఏర్పాటు చేశాడు. షెడ్డు మూల చిన్న గది కట్టించి నల్లటి అద్దాలు బిగించాడు. లోపలివాళ్ళకి బయటంతా కనిపిస్తుంది, బయటివాళ్ళకి తమ మొహాలే కనిపిస్తాయి. గోడకి కన్నం పెట్టి, బండి నుంచి ల్యాప్‌టాప్ దాకా వైరు లాగాడు. ఇందుజ లోపల కూర్చుని ఫోనులో చెబుతుంది. దుర్గాసాయి చెవిలో చిన్న బుడిపె ఒకటి పెట్టుకుని, వినిపించింది వినిపించినట్టు బయట చెబుతాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను ఆ గదిలోకి వెళ్ళి కూర్చునేదాన్ని. ఏసీ చల్లదనం కోసమని చెప్పేదాన్ని గానీ, లోపలేం జరుగుతోందో చూడాలని. ఒకరోజు తెర మీద అంతా గళ్ళు, గళ్ళనిండా అంకెలు.

"ఎక్కాల పుస్తకంలా ఉందేమిటే?"

"అంతేనండి మామ్మగారూ. ఇంజిన్ ఎంత జోరుగా తిరుగుతోందో అడ్డంగా, డ్రైవరు ఎంత తొక్కుతున్నాడో నిలువుగా. రెండూ కలిసిన గడిలో ఎంత డీజిల్ పొయ్యాలో రాసి ఉంటుంది. దీన్ని మ్యాప్ అంటారు."

"పోసేదెవరు?"

"ఇంజెక్టర్లు పోస్తాయి. పొయ్యమని చెప్పేది ఈసీఎం, బండి కంప్యూటరన్నమాట. డ్యాష్‌బోర్డు కింద రేకుడబ్బాలో ఉంటుంది. దానికి కళ్ళూ చెవులూ లేవండి. సెన్సార్లు చెప్పిందే వింటుంది. నీళ్ళ వేడి చెప్పే సెన్సారొకటి, లోపలికొచ్చే గాలిని కొలిచేదొకటి, డీజిల్ గొట్టంలో ఒత్తిడి చూసేదొకటి."

"అయితే ఈ వీధికి సెన్సారుని నేనే."

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. ఆ గదిలో అంతగా నవ్వగా మళ్ళీ చూడలేదు.

"ట్యూనింగ్ ట్యూనింగ్ అంటారే, అదేమిటి?"

"ఈ గళ్ళలో అంకెలు సర్దటమేనండి. బండికీ, రోడ్డుకీ, మోసే బరువుకీ తగ్గట్టు. జోరు కావాలని ఎక్కువ పోస్తే నల్లపొగ, లోపల వేడి. తక్కువ పోస్తే బండి గుంజదు. ఎసరు పెట్టినట్టే."

"సెన్సారు ప్రమాదమని చెబితే?"

"ఈసీఎం ఒక కోడ్ రాసి పెట్టుకుని, లైటు వెలిగించి, బండిని కుంటి నడకలో పెడుతుంది. డ్రైవరు ఎంత తొక్కినా పరుగెత్తదు. మెల్లగా ఇల్లు చేరి బాగుచేయించుకోమని. లింప్ మోడ్ అంటారు."

"జ్వరమొచ్చినవాణ్ణి మంచం దిగనివ్వనట్టు."

"ఆయ్, అదేనండి. మనవాళ్ళేమో ఆ కోడ్ చెరిపేసి, లైటు ఆరింది కదా, బాగైపోయిందంటారు."

ఇలా చెబుతూనే ఫోనులో మొగుడికి బయటి బండి సంగతి చెప్పేది. ఒకసారి అలవాటులో, "వచ్చేటప్పుడు కొత్తిమీర కట్ట తెండి" అని కూడా అనేసింది. బయట దుర్గాసాయి చింతలపూడి రైతుతో, "టర్బో గొట్టం వదులైందండి, బిగిస్తే సరిపోతుంది, కొత్తిమీర..." అని నాలిక కరుచుకున్నాడు. ఆ రైతు కొత్తిమీర సంగతేంటో అడగలేదు. అంత నమ్మకం దుర్గాసాయి మాట మీద. ఆ పామాయిల్ తోటల రైతే తరవాత మిఠాయి డబ్బాతో వచ్చాడు. "నీ చెవి గొప్పదయ్యా సాయీ! అలా తల వంచి వింటావు, ఇలా చెప్పేస్తావు" అని అతని భుజం తట్టాడు. అద్దానికి ఇవతల ఇందుజ ఆ భుజం వైపే చూస్తూ కూర్చుంది. మిఠాయి లోపలికి వచ్చింది. మాట రాలేదు.

"ఒక్కసారండి మామ్మగారూ" అంది నాతో. "మా ఆవిడ చూసి చెప్పిందండి అని ఒక్కసారి అంటే ఈయనకేం పోతుంది?"

"అడగలేకపోయావా?"

"అడిగాను. నీ చేతి పని, నా చేతి పని అని తేడాలేంటి మనలో, అన్నారు."

వినటానికి ఎంత బావుందో చూడండి ఆ మాట.

ఇక ఆ బండి సంగతి. ముదినేపల్లి సత్తిరాజుగారిది. కొల్లేటి చుట్టుపక్కల చెరువులకి చేపపిల్లల్ని తోలుతుంది. వెనక ట్యాంకు, అందులోకి ఆక్సిజన్ గొట్టాలు. దారిలో పిల్లలు బెదిరి చావకుండా ఆ నీళ్ళలో ఉప్పు కలుపుతారు. వానలు పడి చెరువులన్నీ పిల్ల వేసుకునే రోజుల్లో ఆ బండికి రాత్రీ పగలూ తీరిక ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే గట్ల మీద పోతూపోతూ కుంటి నడకకి దిగటం మొదలుపెట్టింది. ఎండలో అరగంట ఆలస్యమైతే ట్యాంకు మీద పిల్ల తెల్లగా తేలుతుంది.

సత్తిరాజుగారు డ్రైవర్ని వెంటబెట్టుకుని దుర్గాసాయి షెడ్డుకి వచ్చారు. ఆ రోజు నేను లేను. జరిగింది దుర్గాసాయే నాకు చెప్పాడు, అందులో తన తప్పేమీ కనిపించలేదు కనక దాచకుండా చెప్పాడు.

టీ బల్ల దగ్గర ఇంకో ముగ్గురు నలుగురు బళ్ళ వాళ్ళున్నారు. వైరు తగిలించక ముందే, చెవిలో బుడిపె పెట్టుకోక ముందే సత్తిరాజుగారు, "ఏమై ఉంటుంది సాయీ?" అన్నారు. అంతమంది చూస్తుంటే తెలియదనటానికి దుర్గాసాయికి నోరు రాలేదు. "సెన్సారు పోయిందండి రాజుగారూ. మన దుమ్ముకీ చెమ్మకీ ఈ సెన్సార్లు ఇలాగే అబద్ధాలాడతాయి. వేడి లేకపోయినా వేడి అంటాయి" అన్నాడు. అందరూ అవునంటే అవునన్నారు.

తరవాత వైరు తగిలించారు. ఇంజిన్ తిప్పించి ఇందుజ లోపల అంకెలు చూసింది. ఫోనులో చెప్పింది.

"సెన్సారు సరిగ్గానే ఉందండి. వేడి నిజంగానే పెరుగుతోంది. రేడియేటర్ పై గొట్టం, కింది గొట్టం పట్టుకుని చూడండి. పైది కాలుతూ కిందిది చల్లగా ఉంటే లోపల పూడుకుపోయినట్టే. విప్పి కడగాలి."

దుర్గాసాయి పట్టుకుని చూశాడు. ఆ పిల్ల చెప్పినట్టే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని, "ఊఁ" అన్నాడు.

"ఇంకోటండి. ఆ డ్రైవరు చేపల ట్యాంకులోంచి ముంచి రేడియేటర్లో పోస్తున్నాడు చూడండి. ఉప్పునీళ్ళవి. అందుకే పూడుకుపోయింది. వద్దని చెప్పండి."

"ఊఁ, ఊఁ."

"ఎవరు సాయీ ఫోనులో?" అన్నారు సత్తిరాజుగారు.

"ఇంట్లోంచండి" అన్నాడు దుర్గాసాయి.

అద్దాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. "సెన్సారని నలుగురి ముందూ చెప్పేశాను. ఇప్పుడు మాట మారిస్తే నా పరువేం కావాలి? వేడి లిమిట్ పైకి జరిపెయ్. లింప్‌లోకి వెళ్ళకుండా చెయ్యి" అన్నాడట.

"అలా చేస్తే ఈసీఎం నోరు నొక్కినట్టేనండి. సెన్సారు మొత్తుకున్నా అది బండిని తగ్గించదు. ఇంజిన్ ఉడికిపోతుంది."

"ఈ సీజను గడవనీ, విప్పి కడుగుదాం. ఇప్పుడు బండి ఇక్కడ పెట్టమంటే రాజుగారు ఊరుకుంటారా?"

ఆ పిల్ల మళ్ళీ ఏమైనా అందా అని అడిగాను. "ఏమీ అనలేదండి. చేసిచ్చింది" అన్నాడు.

"మరి ఉప్పునీళ్ళ సంగతి డ్రైవరుకి చెప్పావా?"

"ఆయన బండి, ఆయన డ్రైవరు. పొయ్యొద్దు గియ్యొద్దని నేనెలా అంటానండి? అయినా అంతమాత్రానికే ఇంజిన్లు పోతాయా అనుకున్నాను."

ఆ పిల్ల చెప్పిన మూడు మాటల్లో ఒక్కటి కూడా ఆ చెవిలోంచి నోట్లోకి రాలేదు.

డ్రైవరు పేరు రాజరత్నం. ముదినేపల్లిలో మా ఆడపడుచుని చూసే వంకతో ఏలూరు మీదుగా కైకలూరు బస్సెక్కాను. రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళు, చెరువు గట్లు, దూరంగా కొంగలు. ఈ రోడ్డు మీదే ఎక్కడో ఆ బండి నిలిచిపోయిందన్నమాట అనుకుంటూ పోయాను. రాజరత్నం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా, మెడ పక్కన చెవి దాకా కాలి, తెల్లటి మందు పూసి ఉంది. ఈగలు వాలకుండా భార్య విసురుతోంది.

"ఎలా జరిగింది నాయనా?"

"షెడ్డు నుంచి వచ్చాక బండి బ్రహ్మాండంగా లాగిందండి, రెండు మూడు ట్రిప్పులు. ఆ రోజు గట్టు మీద వేడి ముల్లు పైకి పోయింది. సెన్సారు అబద్ధం చెబుతుందన్నారు కదండీ సాయిగారు. ముల్లు కూడా అబద్ధమే అనుకున్నాను. ఇదివరకైతే బండే మెల్లగా అయిపోయేది. ఈసారి తగ్గలేదు. నేనూ తగ్గించలేదు. ఇంజిన్ ఒక్కసారి కిర్రుమని బిగుసుకుపోయింది. దిగి, గోనెగుడ్డ వేసి మూత తిప్పానండి, నీళ్ళు పోద్దామని..."

మిగతాది ఆ చెయ్యే చెబుతోంది. ఇంకో బండి వచ్చేలోగా పిల్లంతా చచ్చిపోయిందట.

"రేడియేటర్లో ఏ నీళ్ళు పోసేవాడివి?"

"ట్యాంకువేనండి. ఎదురుగా నీళ్ళుండగా వేరే నీళ్ళెందుకండి? మా వాళ్ళందరూ అలాగే పోస్తారు."

"షెడ్డులో కూడా పోశావటగా?"

"ఆయ్. నల్లద్దాల గది ముందేనండి. బకెట్టు ఆ గది గుమ్మం మీదే పెట్టాను. వెళ్ళేటప్పుడు కూడా మళ్ళీ ముంచి పోసుకుని బయల్దేరాం."

"ఎవరూ వద్దనలేదా?"

"ఎవరంటారండి? అక్కడ సాయిగారు తప్ప ఇంకెవరున్నారు?"

ఇన్నేళ్ళూ ఆ గదిలో ఒక మనిషి ఉందని ఇతనికి తెలియదు. చాలామందికి తెలియదు.

తెలిసిన రోజు ఎలాంటిదో కూడా చెప్పాలి. ఇంజిన్ పోయిన మర్నాడు సత్తిరాజుగారు నలుగుర్ని వెంటేసుకుని షెడ్డు మీదికొచ్చారు. "ఏం చేశావు సాయీ నా బండిని? మావాడి చెయ్యి చూశావా?" అని ఒకటే కేకలు. దుర్గాసాయి చేతులు తుడుచుకుంటూ నిలబడి, "కంప్యూటర్ పని నాది కాదండి రాజుగారూ. మా ఆవిడది" అన్నాడు. వెళ్ళి అద్దాల గది తలుపు బార్లా తెరిచాడు. జనం ముందు ఆ తలుపు అలా బార్లా తెరవటం అదే మొదలు. లోపల ఇందుజ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. టీ బల్ల దగ్గరివాళ్ళు కూడా లేచొచ్చి చూశారు.

సత్తిరాజుగారు గుమ్మం దాకా వచ్చి ఆగారు. "ఆడకూతురితో నాకు మాటలేంటి" అని వెనక్కి తిరిగారు. దుర్గాసాయికి కావలసింది అదే. ఆడమనిషి పేరు చెబితే ఆయన గొడవకి రారని అతనికి తెలుసు.

బాగైన బళ్ళన్నీ దుర్గాసాయి చెవి బాగు చేసింది. కాలిన బండొక్కటే ఇందుజ చేసింది. ఏళ్ళ తరబడి ఆ పిల్ల వినాలనుకున్న మాట అతని నోట్లోంచి ఆ రోజు వచ్చింది.

మొగుడి మీద కోపంతో అన్న ముక్క ఎక్కడిదో తెలుసుకోవాలని వీరరాఘవమ్మ దగ్గరికి వెళ్ళాను. చింతపండు పిక్కలు తీస్తోంది.

"నీ కోడలు కావాలని చేసిందని నువ్వే అంటున్నావట?"

"నేనెందుకంటాను పిన్నిగారూ? ఆ బండి షెడ్డుకొచ్చిన ముందురోజు ఇద్దరికీ మాటల్లేవు, అన్నం తినలేదు అన్నానంతే. దానికి జనం ఏం కలుపుకున్నారో నాకేం తెలుసు?"

"మాటలెందుకు లేవో చెప్పావా?"

"దానికి పేరు కావాలట పిన్నిగారూ, పేరు! షెడ్డు బోర్డు మీద మొగుడి పేరు పక్కన తన పేరు రాయించమంది. మావాడు కుదరదన్నాడు. చొక్కా మీద పేరు కుట్టించుకు తిరిగిన పిల్లని తెచ్చుకున్నాం, అనుభవిస్తున్నాం."

"రేడియేటర్ కడగమని చెప్పిందట కదా, నీ కొడుకే వినలేదట కదా?"

పిక్క తీస్తున్న చెయ్యి ఆగింది. "అయితే ఏమంటారు? నా కొడుకుదే తప్పని ఊళ్ళో డప్పు కొట్టమంటారా? షెడ్డు మూతపడితే అందరం అదే తింటాం కదా, ఆ పిల్ల కూడా. పేరు పోయినా ఆడదానికి గడుస్తుంది. మెకానిక్‌కి పేరు పోతే ఇంకేముంది?"

ఆవిడ లెక్క ఆవిడది. లేచి వచ్చేశాను.

ఇప్పుడు అద్దాల గదిలో ఆయిల్ డబ్బాలు పేర్చారు. భార్యని షెడ్డుకి రానివ్వటం లేదని, కంప్యూటర్ తనే నేర్చుకున్నానని దుర్గాసాయి వచ్చినవాళ్ళకి చెబుతున్నాడు. జనం కూడా, మంచి పని చేశావయ్యా అంటున్నారు. కానీ మధ్యాహ్నం వేళ మా సందులోకి కార్లు రావటం మొదలైంది. వాళ్ళ వంటింటి గోడ పక్కనే ఆగుతాయి. నేను దొడ్లో బట్టలు ఆరవేస్తూ చూస్తూనే ఉన్నాను. కిటికీ ఊచల మధ్య నుంచి నల్లటి వైరు ఒకటి కారులోకి వెళుతుంది. దుర్గాసాయి చెవిలో బుడిపె పెట్టుకుని బానెట్ మీద తల వంచుతాడు.

నిన్న కరివేపాకు అడిగే వంకతో లోపలికి వెళ్ళాను. ఇందుజ పొయ్యి మీద పులుసు కలుపుతోంది. బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్. ఫోను భుజానికీ చెంపకీ మధ్య నొక్కి పెట్టుకుంది.

"గాలి సెన్సారుకి దుమ్ము పట్టిందండి. తుడిచి పెట్టండి, కొత్తది వెయ్యక్కర్లేదు" అంటోంది.

"గాలి సెన్సారుకి దుమ్ము పట్టిందండి" అని గోడ అవతల దుర్గాసాయి గొంతు.

నేను పీట వాల్చుకుని కూర్చున్నాను. "ఇందూ, అందరి దగ్గరికీ వెళ్ళొచ్చానే. నీ తప్పేం లేదని నాకు తెలిసిపోయింది. నువ్వు చెప్పావు. అతను వినలేదు. బయటికి చెప్పలేదు. ఈ వీధి వీధంతా నేను చెబుతాను" అన్నాను.

ఆ పిల్ల సంతోషపడుతుందనుకున్నాను. పులుసు కలుపుతూనే ఉంది. ఉప్పు చూసి మూత పెట్టింది.

అప్పుడు నాకు రాజరత్నం మాట గుర్తుకొచ్చింది. బకెట్టు గుమ్మం మీద పెట్టానన్న మాట. బస్సులో వస్తున్నంతసేపూ అదే లోపల కలుక్కుమంటూ ఉంది. తోచింది అడక్కుండా ఉంచుకోవటం నాకు చేతకాదు.

"ఒక్కటి చెప్పు. మొగుడు బయట చెప్పడని నీకు తెలిసిపోయింది. అంకెలు జరిపేశావు. ఆ డ్రైవరు నీ గుమ్మం ముందే నిలబడి, నువ్వు చూస్తుండగా మళ్ళీ ఆ ఉప్పునీళ్ళు పోసుకున్నాడు. తలుపు తీసి, పొయ్యొద్దు నాయనా అని నువ్వే ఒక్క మాట అనొచ్చు కదే?"

ఇందుజ ఫోను చేతిలోకి తీసుకుని, తన గొంతు అవతలికి వెళ్ళకుండా నొక్కి పెట్టింది. నా వైపు తిరిగింది.

"అంటే వినేవాడండి మామ్మగారూ, రాజరత్నం. మంచినీళ్ళు పోసుకుంటూ ఎలాగో సీజను గట్టెక్కించేవాడు. సెన్సారు అబద్ధమన్న ఈయన మాటే నిజమైపోయేది, నలుగురూ మళ్ళీ భుజం తట్టేవారు. ఇంజిన్ పోతుందనుకున్నాను. మధ్యలోకి మనిషి చెయ్యి వస్తుందనుకోలేదు. బండి గేటు దాటేదాకా తలుపు గడియ మీద చెయ్యి వేసే ఉంచానండి. తియ్యలేదు."